జూనిపర్ ఎంఎక్స్ రౌటర్‌లో హార్డ్‌వేర్ అలారం వస్తే: ఏ వరుసలో చూడాలి, ఎక్కడ చెయ్యి పెట్టాలి

రౌటర్‌లో హార్డ్‌వేర్ అలారం వచ్చినా చాలాసార్లు ట్రాఫిక్ మామూలుగానే నడుస్తుంటుంది. కస్టమర్ల నుంచి ఒక్క ఫోనూ రాదు. అందుకే "పొద్దున చూద్దాంలే" అని వదిలేయాలనిపిస్తుంది. కానీ ఆ సమయానికి రిడండెన్సీ పోయి ఉంటుంది. రెండు పవర్ సప్లైల మీద నడవాల్సిన పెట్టె ఒక్కదాని మీద నడుస్తుంటుంది. రెండోది కూడా పడిపోయేలోపు మన చేతిలో ఎంత టైమ్ ఉందో ఎవరూ చెప్పలేరు. ఇంకో ప్రమాదం కంగారులో చేసే పని. అలారం చూసి సైట్‌కి పరిగెత్తి, చెడిపోయిన పార్ట్‌కి బదులు బాగున్న పార్ట్‌ని లాగేస్తే, అప్పటిదాకా రాని అవుటేజ్ మన చేత్తో మనమే తెచ్చినట్టవుతుంది.

ఈ రెండూ జరగకుండా ఉండాలంటే చూడటానికి ఒక వరుస ఉండాలి. జూనిపర్ ఎంఎక్స్ సిరీస్ (240, 480, 960) పెట్టెలు ఉదాహరణగా ఆ వరుస చెబుతాను. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, పదానికీ పదానికీ మధ్య స్పేస్ ఇచ్చి కొట్టాలి. చూడటానికి వాడే షో కమాండ్లు ట్రాఫిక్‌ని కదిలించవు, టెన్షన్ లేకుండా కొట్టొచ్చు. సర్వీస్ మీద ప్రభావం చూపేది ఏదైనా ఉంటే అక్కడే చెబుతాను.

మొదటి మెట్టు: ఏ పెట్టెలో ఉన్నారు, దాని గడియారం ఎంత చూపిస్తోంది

లాగిన్ కాగానే ప్రాంప్ట్‌లో పేరు చదవండి. ఒకే సైట్‌లో ఒకే మోడల్ పెట్టెలు రెండుంటే పేర్లలో చివరి అంకె ఒక్కటే తేడా ఉంటుంది. తర్వాత ఇది కొట్టండి:

షో సిస్టమ్ అప్‌టైమ్

ఇందులో ప్రస్తుత సమయం, టైమ్ జోన్ కనిపిస్తాయి. పెట్టె యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అలారం 20:44కి వచ్చిందని చూపిస్తే మన లెక్కలో అది తెల్లవారుజామున 2:14. సైట్‌లో కరెంటు పోయింది ఎప్పుడు, డీజీ (డీజిల్ జనరేటర్) ఎక్కింది ఎప్పుడు, టెక్నీషియన్ లోపలికి వెళ్ళింది ఎప్పుడు అనేవన్నీ ఈ సమయంతోనే పోల్చుకోవాలి. సగం కేసులకు ఆచూకీ ఇక్కడే దొరుకుతుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతి) సింక్ అయి ఉందో లేదో 'షో ఎన్‌టీపీ అసోసియేషన్స్' తో చూసుకోండి.

రెండో మెట్టు: రెండు అలారం లిస్టులు

షో ఛాసిస్ అలారమ్స్
షో సిస్టమ్ అలారమ్స్

హార్డ్‌వేర్ సంగతులు మొదటిదాంట్లో వస్తాయి. రెండోదాంట్లో లైసెన్స్, రెస్క్యూ కాన్ఫిగరేషన్ (ఏదైనా చెడితే వెనక్కి వెళ్ళడానికి దాచుకునే బాగున్న కాన్ఫిగరేషన్) లాంటివి. ఏమీ లేకపోతే 'నో అలారమ్స్ కరెంట్లీ యాక్టివ్' అని వస్తుంది. ఉంటే ఒక్కో వరుసలో మూడు సంగతులుంటాయి: వచ్చిన సమయం, క్లాస్, వివరణ. ఉదాహరణకు:

02:14:07 ఐఎస్‌టీ, మేజర్, పెమ్ 1 నాట్ ఓకే

మేజర్ అంటే ఎరుపు, మైనర్ అంటే పసుపు. ఎరుపుకి వెంటనే కదలాలి. పసుపుని ఈ షిఫ్ట్‌లోనే అర్థం చేసుకుని, ఎప్పుడు సరిచేయాలో టికెట్‌లో రాయాలి. రంగు చూసి తొందరపడకుండా వివరణని అక్షరం అక్షరం చదవండి. 'నాట్ ఓకే' వేరు, 'ఆబ్సెంట్' వేరు. ఆబ్సెంట్ అంటే ఆ స్లాట్‌లో పార్ట్ ఉన్నట్టే రౌటర్‌కి తెలియడం లేదు. ఎవరైనా బయటికి లాగి ఉండొచ్చు, సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. ఇంకోటి, ఎంఎక్స్‌లో నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. పెమ్ 1 అంటే రెండో పవర్ సప్లై. ఫోన్లో సైట్ టెక్నీషియన్‌కి చెప్పేటప్పుడు "మొదటిది", "రెండోది" అనే మాటలే వాడొద్దు. "పెట్టె మీద పెమ్ వన్ అని ముద్రించి ఉన్నది" అనండి. ఆయన చేత ఆ అక్షరాలు చదివించి, మీరు విని, అప్పుడు ముందుకెళ్ళండి.

ఛాసిస్ అలారంని కమాండ్ కొట్టి క్లియర్ చేయడానికి కుదరదు. కారణం సరిచేస్తేనే అది పోతుంది. ఈ పద్ధతి మంచిదే. తుడిచేసే దారి ఉంటే చాలామంది ముందు ఆ పనే చేసేవాళ్ళు.

మూడో మెట్టు: పెట్టె మొత్తం ఆరోగ్యం ఒకే తెరలో

షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్

పవర్ సప్లైలు (పెమ్‌లు), రూటింగ్ ఇంజిన్లు (పెట్టెకి మెదడు లాంటివి, పొట్టిగా ఆర్‌ఈ), కంట్రోల్ బోర్డులు, లైన్ కార్డులు (పోర్టులుండే కార్డులు, కమాండ్లలో ఎఫ్‌పీసీ), ఫ్యాన్లు అన్నింటికీ ఒక్కో వరుస వస్తుంది. స్టేటస్ గడిలో 'ఓకే' కానివి (చెక్, ఫెయిల్డ్, ఆబ్సెంట్) వెతకండి. అంతటితో ఆపకండి. ఓకే అని ఉన్నా ఫ్యాన్ల దగ్గర 'నార్మల్ స్పీడ్' బదులు 'హై స్పీడ్' అని ఉంటే పెట్టె వేడిని తట్టుకోవడానికి గట్టిగా పనిచేస్తోందని అర్థం. అలారం లిస్టులో ఇంకా ఏమీ ఉండకపోవచ్చు. అలారం రాకముందే పట్టుకోగలిగే చోటు ఇది.

ఇక్కడి నుంచి అలారం ఏ పార్ట్ మీద వచ్చిందో దాన్ని బట్టి దారి చీలుతుంది.

పవర్ సప్లై అలారం

షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్ పెమ్

ఒక్కో పెమ్‌కీ దాని స్థితి, టెంపరేచర్, ఇన్‌పుట్ ఎలా ఉందో, అవుట్‌పుట్ వోల్టేజ్, కరెంట్, లోడ్ శాతం కనిపిస్తాయి. మనకి తేలాల్సిన ప్రశ్న ఒకటే: లోపలికి కరెంటు రావడం లేదా, వస్తున్నా పెమ్ పనిచేయడం లేదా? ఇన్‌పుట్ ఓకే కాకపోతే తప్పు చాలావరకు రౌటర్ బయటే ఉంటుంది. బ్రేకర్ పడిపోవడం, ఫ్యూజ్ పోవడం, లగ్ వదులవడం, రెక్టిఫైయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) సమస్య, ఏసీ కరెంటుతో నడిచే పెట్టె అయితే ప్లగ్ కదలడం, ఇలాంటివి. ఇన్‌పుట్ ఓకే ఉండి అవుట్‌పుట్ సున్నా చూపిస్తే పెమ్‌నే అనుమానించాలి.

రెండు పెమ్‌లు ఒకే నిమిషంలో పడ్డాయా అన్నది తప్పనిసరిగా చూడండి. రెండు పార్ట్‌లు ఒకే క్షణంలో చెడిపోవడం చాలా అరుదు. అలా కనిపిస్తే ఆ రెండూ ఏ ఫీడ్ (కరెంటు లైను) మీద ఉన్నాయో చూడాలి. అదే ఫీడ్ మీద ఉన్న పక్క స్విచ్‌కో, ట్రాన్స్‌మిషన్ పరికరానికో కూడా అదే సమయంలో పవర్ అలారం వచ్చి ఉంటే ఇక రౌటర్ జోలికి వెళ్ళక్కర్లేదు, పవర్ టీమ్‌ని లేపండి.

డీసీ సైట్‌లో ఎలక్ట్రికల్ పని తెలిసిన మనిషి మల్టీమీటర్‌తో కొలవాలి. ఎంఎక్స్ డీసీ పెమ్‌లు మైనస్ 40 నుంచి మైనస్ 72 వోల్టుల మధ్య పనిచేస్తాయి. బ్యాటరీ బ్యాంక్ అడుగంటుతున్న సైట్‌లో వోల్టేజ్ మెల్లగా దిగుతూ 40 దగ్గరికి వస్తుంది. అప్పుడు ముందుగా అరిచేది రౌటరే కావచ్చు. అలాంటప్పుడు పెమ్ మారిస్తే వచ్చే లాభం ఏమీ లేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన సంగతి. ఎంఎక్స్ 960 డీసీ పెట్టెలో నాలుగు పెమ్‌లుంటాయి కాబట్టి ఒకటి పోయినా మూడున్నాయిలే అని అనుకోవద్దు. లోపల కరెంటు రెండు జోన్లుగా పంచి ఉంటుంది. పెమ్ 0, పెమ్ 2 కలిసి కింది ఫ్యాన్ ట్రేకి, 6 నుంచి 11 వరకు లైన్ కార్డ్ స్లాట్లకి ఇస్తాయి. పెమ్ 1, పెమ్ 3 కలిసి పై ఫ్యాన్ ట్రేకి, 0 నుంచి 5 వరకు స్లాట్లకి. పెమ్ 1 పోతే 0 నుంచి 5 వరకు స్లాట్ల బరువంతా పెమ్ 3 ఒక్కటే మోస్తుంటుంది. ఆ సమయంలో పొరపాటున పెమ్ 3 బ్రేకర్ దించితే ఆరు స్లాట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. పెమ్ 0, 2 బాగున్నా వాటికి ఏ సాయమూ చేయలేవు. అందుకే చెయ్యి పెట్టే ముందు "ఇది పోయింది, దీని జత ఫలానాది, ఆ జతని తాకకూడదు" అని టికెట్‌లో రాసి, సైట్‌లో ఉన్న మనిషికి చదివి వినిపించండి. పెమ్ ముందు లైట్లు కూడా చూడమనండి. మోడల్‌ని బట్టి బ్రేకర్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేర్వేరు లైట్లుంటాయి. తెర మీద మీరు చూసిందీ ఆయన కళ్ళతో చూసిందీ ఒకటే అయితేనే ముందుకు.

మార్చేటప్పుడు తెర మీద ఇది నడుపుతూ ఉంచండి:

షో ఛాసిస్ అలారమ్స్ | రిఫ్రెష్ 5

ప్రతి 5 సెకన్లకీ తాజా లిస్ట్ వస్తుంది. కొత్త అలారం పుడితే అక్కడికక్కడే ఆపమనొచ్చు.

ఫ్యాన్, టెంపరేచర్ అలారం

షో ఛాసిస్ ఫ్యాన్
షో ఛాసిస్ టెంపరేచర్-థ్రెషోల్డ్స్

మొదటిదాంట్లో ఒక్కో ఫ్యాన్ ఎన్ని ఆర్‌పీఎమ్‌తో తిరుగుతోందో ఉంటుంది. ట్రేలో ఒక ఫ్యాన్ ఆగితే మిగతావి వేగం పెంచుకుంటాయి. మార్చాల్సి వస్తే ట్రే మొత్తం మారుస్తాం.

రెండో కమాండ్‌ని చాలామంది వాడరు, వాడాలి. ఏ వేడి దగ్గర ఫ్యాన్లు హై స్పీడ్‌కి వెళ్తాయి, ఎక్కడ పసుపు, ఎక్కడ ఎరుపు, ఎక్కడ పెట్టె తనంతట తాను ఆగిపోతుంది అనేవన్నీ ఇందులో ఉంటాయి. ఆ చివరి గడి పేరు 'ఫైర్ షట్‌డౌన్'. పసుపు, ఎరుపులకి రెండేసి అంకెలుంటాయి: ఫ్యాన్లు బాగున్నప్పుడు ఒకటి, ఫ్యాన్ చెడినప్పుడు ఒకటి. ఎంఎక్స్‌లో సాధారణంగా కనిపించే ఛాసిస్ డిఫాల్ట్ వరుసలో పసుపు 65 డిగ్రీల దగ్గర, ఫ్యాన్ చెడితే 55 దగ్గరే వస్తుంది. ఎరుపు 75 దగ్గర, ఫ్యాన్ చెడితే 65 దగ్గరే. అంటే ఫ్యాన్ పోగానే మనకున్న గడువు పది డిగ్రీలు తగ్గిపోయిందన్నమాట. మీ పెట్టెలో అంకెలు కార్డుని బట్టి మారతాయి, మీ తెర మీద ఉన్నవే చదవండి.

వేడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి ఇది:

షో ఛాసిస్ ఎన్విరాన్‌మెంట్ ఎఫ్‌పీసీ

ఒక్కో లైన్ కార్డుకి గాలి లోపలికి వచ్చే చోట ఇన్‌టేక్ టెంపరేచర్, బయటికి పోయే చోట ఎగ్జాస్ట్ టెంపరేచర్ విడివిడిగా ఉంటాయి. అన్ని కార్డుల ఇన్‌టేక్ ఎక్కువగా ఉంటే గది వేడెక్కింది, ఏసీ సంగతి చూడాలి. ఇన్‌టేక్ మామూలుగా ఉండి ఎగ్జాస్ట్ మాత్రం ఎగబాకితే గాలి లోపల సరిగ్గా ఆడటం లేదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండాలి, లేదా ఫ్యాన్ బలహీనపడి ఉండాలి, లేదా ఖాళీ స్లాట్‌కి బ్లాంక్ ప్యానెల్ పెట్టకుండా వదిలేసి ఉండాలి. ఒక్క కార్డే వేడిగా ఉంటే ఆ కార్డునే పరిశీలించాలి.

గాలి దారి మోడల్‌ని బట్టి వేరు. ఎంఎక్స్ 960లో ముందు నుంచి వెనక్కి. ఎంఎక్స్ 480లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి. 480ని ఇరుకు ర్యాక్‌లో పెట్టి, పక్కన కేబుల్ కట్టలు దట్టంగా కడితే ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

ఈ పెట్టెలకి గది టెంపరేచర్ పరిమితి 40 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో రామగుండంలో, విజయవాడలో బయటే అంతకు మించి ఉంటుంది. ఏసీ ఆగిన చిన్న పాప్ గదిలో (నెట్‌వర్క్ పరికరాలుండే గదిలో) తలుపు తీసి పెట్టడం వల్ల రాత్రిపూట కొంత ఉపయోగం ఉండొచ్చు. మిట్టమధ్యాహ్నం మాత్రం వేడిగాలికి తోడు దుమ్మునీ లోపలికి పిలిచినట్టవుతుంది. ఫిల్టర్ తీసి కడగాలంటే సిద్ధంగా ఇంకో ఫిల్టర్ చేతిలో ఉండాలి. ఫిల్టర్ లేకుండా పెట్టెని కొద్ది నిమిషాలకి మించి నడపొద్దు. ఫ్యాన్ ట్రే మార్చేటప్పుడూ అంతే, కొత్తది ప్యాకింగ్ విప్పి పక్కన పెట్టుకున్నాకే పాతదాన్ని లాగాలి.

లైన్ కార్డు, రూటింగ్ ఇంజిన్ అలారాలు

షో ఛాసిస్ ఎఫ్‌పీసీ
షో ఛాసిస్ రూటింగ్-ఇంజిన్

మొదటిదాంట్లో కార్డు ఆన్‌లైన్‌లో ఉందో లేదో చూడండి. 'ఎఫ్‌పీసీ 2 మేజర్ ఎర్రర్స్' లాంటి అలారం ఉంటే 'షో ఛాసిస్ ఎఫ్‌పీసీ ఎర్రర్స్' కొట్టి ఎర్రర్ లెక్కలు చూసి దాచుకోండి. కార్డుని రీస్టార్ట్ చేయాలని చెయ్యి దురద పెడుతుంది. 'రిక్వెస్ట్ ఛాసిస్ ఎఫ్‌పీసీ స్లాట్ 2 రీస్టార్ట్' కొడితే ఆ కార్డు మీద ఉన్న పోర్టులన్నీ పడిపోతాయి. మెయింటెనెన్స్ విండో లేకుండా, లాగ్‌లు దాచకుండా ఆ పని చేయొద్దు. రీస్టార్ట్ అయ్యాక అలారం పోయిందనుకోండి, సాక్ష్యం కూడా దాంతోపాటే పోతుంది, మళ్ళీ వచ్చినప్పుడు మొదటి నుంచి వెతుక్కోవాలి.

రూటింగ్ ఇంజిన్ దగ్గర 'బ్యాకప్ ఆర్‌ఈ యాక్టివ్' అని పసుపు వస్తే మాస్టర్‌గా ఉండాల్సిన ఇంజిన్ పక్కకి తప్పుకుంది, రెండోది నడుపుతోంది. రెండో కమాండ్‌లో చివరి రీబూట్ కారణం ఉంటుంది, అది చదవండి. 'హోస్ట్ 0 బూట్ ఫ్రమ్ ఆల్టర్నేట్ మీడియా' వస్తే అసలు డిస్క్ నుంచి లేవలేక రెండో డిస్క్ నుంచి లేచిందని అర్థం. ఆ పెట్టెని ఇంకోసారి రీబూట్ చేయాల్సిన అవసరం వచ్చేలోపే టాక్‌తో (కంపెనీ టెక్నికల్ సపోర్ట్ టీమ్‌తో) మాట్లాడండి.

ఎస్‌ఎఫ్‌పీల (పోర్టులో పెట్టి ఫైబర్ తగిలించే మాడ్యూళ్ళ) సంగతి వేరే. వెలుతురు తగ్గినా ఛాసిస్ లిస్టులో కనిపించదు. 'షో ఇంటర్‌ఫేసెస్ డయాగ్నాస్టిక్స్ ఆప్టిక్స్' తర్వాత పోర్టు పేరు ఇచ్చి చూడాలి.

లాగ్ ఏం చెబుతోంది

అలారం లిస్ట్ ఈ క్షణాన ఉన్నదే చూపిస్తుంది. రాత్రి వచ్చి పోయినవి లాగ్‌లో దొరుకుతాయి.

షో లాగ్ మెసేజెస్ | మ్యాచ్ అలారం
షో లాగ్ ఛాసిస్‌డీ

అలార్మ్‌డీ (రౌటర్‌లో అలారాలని చూసుకునే ప్రోగ్రామ్) రాసే వరుసలో 'అలారం సెట్' అనీ, పోయినప్పుడు 'అలారం క్లియర్డ్' అనీ ఉంటుంది. రంగు, క్లాస్, కారణం పక్కనే ఉంటాయి. ఈ రెండు రకాల వరుసలని జతలుగా చూడండి. రోజూ దాదాపు ఒకే వేళకి సెట్ అయి, రెండు నిమిషాల్లో క్లియర్ అవుతుంటే ఆ వేళకి సైట్‌లో ఏం జరుగుతోందో అడగండి. కరెంటు కోత, డీజీకి మారడం ఆ సమయానికే జరుగుతుంటే కారణం దొరికినట్టే. వేళాపాళా లేకుండా వచ్చిపోతుంటే వదులు కనెక్షన్ వెతకండి. పాత లాగ్ ఫైళ్ళు కంప్రెస్ అయి అంకెలతో ఉంటాయి. ఈ రోజు ఫైల్‌లో లేదని ఆగిపోకుండా వాటిల్లోకి కూడా వెళ్ళండి.

సైట్‌లో పెట్టె ముందు నిలబడితే

ముందు యాంటీ స్టాటిక్ స్ట్రాప్ మణికట్టుకి కట్టి, పెట్టె మీద ఉన్న ఈఎస్‌డీ పాయింట్‌కి తగిలించాలి. ఆ తర్వాతే ఏదైనా తాకడం.

క్రాఫ్ట్ ప్యానెల్ (పెట్టె ముందు లైట్లు, బటన్లు ఉండే పలక) మీద గుండ్రటి ఎర్ర లైటు, ముక్కోణపు పసుపు లైటు ఉంటాయి. రెండూ ఒకేసారి వెలగొచ్చు. దగ్గర్లోనే ఏసీవో/ఎల్‌టీ అనే బటన్. అది నొక్కితే అలారం లైట్లు ఆరిపోతాయి, రిలేకి తగిలించిన బజర్ ఆగిపోతుంది. లోపలి తప్పు మాత్రం అలాగే ఉంటుంది, కమాండ్ లైన్‌లో అలారం కూడా అలాగే ఉంటుంది. అందుకే టెక్నీషియన్ "సార్, లైటు పోయింది" అంటే టికెట్ మూసేయొద్దు. బటన్ ఎవరైనా నొక్కారా అని అడగండి, మీరే కమాండ్ కొట్టి చూడండి. అదే బటన్‌ని నొక్కి పట్టుకుంటే ప్యానెల్ మీద లైట్లన్నీ వెలుగుతాయి. లైటే మాడిపోయిందా అన్నది అలా తేలుతుంది. సైట్‌కి వెళ్ళకుండా ప్యానెల్ స్థితి చూడాలంటే 'షో ఛాసిస్ క్రాఫ్ట్-ఇంటర్‌ఫేస్'.

ఎప్పుడూ ఉండే పసుపుని ఉండనివ్వొద్దు

నా మటుకు నాకు ఇది అన్నింటికంటే ముఖ్యం. చాలా నెట్‌వర్క్‌లలో ప్రతి పెట్టెకీ ఒకటో రెండో అలారాలు నెలల తరబడి వేలాడుతుంటాయి. "అది ఎప్పుడూ ఉండేదేలే" అని షిఫ్ట్ నుంచి షిఫ్ట్‌కి చెప్పుకుంటారు. నిజమైన ఫ్యాన్ అలారం వచ్చిన రోజు అది ఆ గుంపులో కలిసిపోతుంది, ఎవరి కళ్ళకీ ఆనదు. మామూలు రోజున లిస్ట్ సున్నా ఉండాలి. అప్పుడే ఒక్క వరుస వచ్చినా మనిషి ఉలిక్కిపడి చూస్తాడు.

ఎక్కువగా వేలాడేవి రెండే. ఒకటి, రెస్క్యూ కాన్ఫిగరేషన్ సెట్ కాలేదన్న పసుపు. ప్రస్తుత కాన్ఫిగరేషన్ బాగున్నదేనని నిర్ధారించుకుని 'రిక్వెస్ట్ సిస్టమ్ కాన్ఫిగరేషన్ రెస్క్యూ సేవ్' కొడితే పోతుంది. రెండోది, ఎఫ్‌ఎక్స్‌పీ0 మేనేజ్‌మెంట్ పోర్టు లింక్ డౌన్ అన్న ఎరుపు. ఆ పోర్టుకి కేబుల్ పెట్టే ఉద్దేశమే లేకపోతే కాన్ఫిగరేషన్ మోడ్‌లో ఇది ఇచ్చి కమిట్ చేయండి:

సెట్ ఛాసిస్ అలారం మేనేజ్‌మెంట్-ఈథర్‌నెట్ లింక్-డౌన్ ఇగ్నోర్

కేబుల్ ఉండాల్సిన సైట్‌లో మాత్రం ఇగ్నోర్ పెట్టొద్దు, కేబుల్ సరిచేయండి. రౌటర్ అందకుండా పోయిన రాత్రి చివరికి ఆ పోర్టే దిక్కు కావచ్చు.

వేరే కంపెనీ పెట్టెలైతే

ఇదే వరుస, కమాండ్లే వేరు. సిస్కో ఏఎస్ఆర్ 1000లో 'షో ఫెసిలిటీ-అలారం స్టేటస్', ఐఓఎస్ ఎక్స్‌ఆర్ ఉన్న వాటిలో 'షో అలారమ్స్ బ్రీఫ్ సిస్టమ్ యాక్టివ్'. హువావేలో 'డిస్‌ప్లే అలారం యాక్టివ్'. మైక్రోటిక్‌లో 'సిస్టమ్ హెల్త్ ప్రింట్' కొడితే మోడల్‌ని బట్టి వోల్టేజ్, టెంపరేచర్, ఫ్యాన్ వేగం వస్తాయి, అర్థం మనమే తీయాలి.

టాక్‌కి కేసు, ఆ తర్వాత పని

పార్ట్ మార్చాలని తేలితే 'షో ఛాసిస్ హార్డ్‌వేర్' లో ఆ పార్ట్ సీరియల్ నంబర్ తీసుకోండి. పెట్టె సీరియల్ నంబర్ కూడా అందులోనే ఛాసిస్ వరుసలో ఉంటుంది, రెండూ అడుగుతారు. వాటితో పాటు:

రిక్వెస్ట్ సపోర్ట్ ఇన్ఫర్మేషన్ | సేవ్ /వార్/టీఎంపీ/ఆర్‌ఎస్‌ఐ.టీఎక్స్‌టీ

ఇది పెద్ద అవుట్‌పుట్. రూటింగ్ ఇంజిన్ అప్పటికే సీపీయూ ఒత్తిడిలో ఉంటే కాస్త తగ్గేదాకా ఆగి కొట్టండి. లాగ్ ఫోల్డర్ మొత్తం కంప్రెస్ చేసి జత చేస్తే టాక్ వాళ్ళు మళ్ళీ అడిగి, మనం మళ్ళీ పంపి, ఒక రోజు పోయే బాధ తప్పుతుంది.

పార్ట్ మార్చాక రెండు అలారం లిస్టులూ, ఎన్విరాన్‌మెంట్ తెరా మళ్ళీ చూడండి. పెమ్ అయితే లోడ్ జతల మధ్య పంచుకుందా, ఫ్యాన్ అయితే వేగం నార్మల్‌కి దిగిందా అన్నది చూడాలి. లాగ్‌లో 'అలారం క్లియర్డ్' వరుసని కాపీ చేసి టికెట్‌లో పెట్టండి. పాత సీరియల్, కొత్త సీరియల్, ఏ స్లాట్, ఏ ఫీడ్ అన్నవి దాని కింద రాయండి. తీసిన పార్ట్ మీద తేదీతో "చెడినది" అని చీటీ అంటించమనండి. చీటీ లేకపోతే స్టోర్‌లో అది మంచి స్పేర్ల మధ్యకి చేరుతుంది.